50 వేల గేమింగ్ పీసీకి మదర్‌బోర్డు: ఏ520 చాలా, బీ550 తీసుకోవాలా?

కావలి కుర్రోడు
అన్నలందరికీ నమస్తే. డిగ్రీ చదువుతున్నాను, మొదటిసారి సొంతంగా పీసీ బిగించుకుంటున్నాను. అన్నీ కలిపి 50 వేలు, మానిటర్ ఇంట్లో ఉంది. ప్రాసెసర్ ఏఎమ్‌డీ రైజెన్ 5 5600, ర్యామ్ 16 జీబీ డీడీఆర్4. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌ఎక్స్ 6600, మా పెద్దమ్మ కొడుకు వాడింది నాకు అమ్ముతున్నాడు. ఆడేది 1080పీలోనే. మదర్‌బోర్డు దగ్గర ఆగిపోయాను. చవక రకం ఏ520 అయితే 4,800 చెబుతున్నారు, దాని పై రకం బీ550 అయితే 8,600. ఈ 3,800 తేడాకి నాకు నిజంగా ఏమొస్తుంది? డబ్బు నాన్నది, రొయ్యల పట్టుబడి మీద ఇచ్చాడు. రెండోసారి అడగలేను.

ఒంగోలు ఐరన్
ఏ520 చాలు తమ్ముడూ. 5600 డబ్బా మీద 65 వాట్లని ఉంటుంది, ఏమీ కెలక్కుండా వాడితే బూస్ట్‌లో కూడా 76 దగ్గర ఆగిపోతుంది. దానికి పెద్ద బోర్డు ఎందుకు? ఏ520లో ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయలేవు, అంటే వేగం మామూలుకన్నా పెంచలేవు, నిజమే. కానీ ర్యామ్ 3200లో నడుస్తుంది, నీకు కావలసింది అదే. మిగిలిన 3,800 ఎస్‌ఎంపీఎస్ మీద, అదే పీసీకి కరెంటిచ్చే డబ్బా మీద పెట్టు. నా బెంచి మీదికొచ్చే చచ్చిన బోర్డుల్లో సగానికి పైగా వాటంతట అవి చచ్చినవి కావు, పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ చంపినవి. పదహారేళ్లుగా ఒంగోల్లో ఇదే పని నాకు.

మార్కాపురం పలక
ఇంట్లో ఎర్తింగ్ ఉందా తమ్ముడూ? ముందు అది చూపించుకో.

పెన్నా గట్టు
ఐరన్ గారూ, ఒక్కటే ప్రశ్న. మీరు చెప్పే ఏ520 మీద వీఆర్‌ఎంకి హీట్‌సింక్ ఉందా? ఆ ధరలో చాలా మోడళ్లకు ఉండదు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్ తట్టుకునే ఒకటింబావు వోల్టు దాకా దించేది ఆ వీఆర్‌ఎం ముక్కలే. పైన లోహపు బిళ్ల లేకపోతే ఆ వేడంతా బోర్డులోకే పోతుంది. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండకి ఏసీ లేని గదిలో నాలుగు గంటలు గేమ్ ఆడితే ఏమవుతుంది?

ఇంకోటి. బీ550లో కార్డు స్లాటు, ఎస్‌ఎస్‌డీ పెట్టే మొదటి ఎమ్‌డాట్2 స్లాటు పీసీఐఈ 4.0. ఏ520లో రెండూ 3.0, అంటే సగం వేగం. ఆర్‌ఎక్స్ 6600కి ఉన్నవే ఎనిమిది లేన్లు, అంటే డేటా పోయే దారులు, అందుకే ఒక్కోదాని వేగం ముఖ్యం. రేపెప్పుడైనా ఇంకా బలమైన 5700ఎక్స్3డీ ప్రాసెసర్ దొరికితే అదే బోర్డులో దించేసుకోవచ్చు. కుర్రాడు రెండోసారి అడగలేనంటున్నాడు కాబట్టే ఒకేసారి మంచిది కొనమంటున్నాను.

చేపల పులుసు
పులుసు పొయ్యి మీద పెట్టి కూర్చున్నా. కానివ్వండి.

ఒంగోలు ఐరన్
ఎనిమిది లేన్ల కార్డుకి 3.0లో పోయేది చాలా తక్కువ. 1080పీలో ఆ తేడా వీడి కంటికి ఆనదు. దెబ్బ తినేది 6500 ఎక్స్‌టీ కార్డు, దానికి నాలుగే లేన్లు, పైగా 4 జీబీ మెమరీ. దాని కథ తెచ్చి 6600కి అంటగడితే ఎట్టా?

హీట్‌సింక్ అంటున్నారు కదా. 5700ఎక్స్3డీ 105 వాట్ల రకం. దానికైతే నేనూ హీట్‌సింక్ లేని బోర్డు ఇవ్వను. కానీ వీడు కొంటున్నది 5600. "రేపు" ప్రాసెసర్ మారుస్తానని ఈ రోజు పెద్ద బోర్డు కొన్నవాళ్లలో నిజంగా మార్చినవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ రేపు వచ్చేసరికి ప్రాసెసర్ కూర్చునే సాకెట్టే మారిపోతుంది. 2022లో ఏఎమ్‌డీ కొత్త సాకెట్ ఏఎం5 వచ్చింది, అందులో డీడీఆర్5 తప్ప పట్టదు. ఇప్పుడు కొన్న ర్యామ్ కూడా పనికిరాదు.

దర్శి బుడ్డోడు
ఇదంతా ఎందుకన్నా, ఇంటెల్ 12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 బోర్డు వేసుకో. ఆరు కోర్లే, గొడవ లేదు.

ఒంగోలు ఐరన్
బుడ్డోడా, అందులో పిన్నులు బోర్డు సాకెట్లో ఉంటాయి. మొదటిసారి బిగించే పిలకాయ చెయ్యి జారి ప్రాసెసర్‌ని అడ్డంగా పెట్టాడంటే బోర్డు పోయినట్టే, పిన్ను వంగితే వారంటీ ఇవ్వరు. 5600 కూర్చునే ఏఎం4 సాకెట్‌కైతే పిన్నులు ప్రాసెసర్‌కి ఉంటాయి కాబట్టి వంగినా సరిచేయొచ్చు. కూలర్ విప్పేటప్పుడు మధ్యలో పూసిన పేస్టు పట్టేసి ప్రాసెసర్ కూడా దాంతో పాటు ఊడొస్తుంది, అప్పుడు వంగుతాయి. అరమిల్లీ లెడ్ పెన్సిల్లోంచి లెడ్ తీసేసి, ఆ ఖాళీ గొట్టంలో పిన్ను దూర్చి, కొంచెం కొంచెంగా నిలబెడతాను. ఒక్కో పిన్నుకి ఐదు నిమిషాలు. ఊపిరి బిగబట్టి చేసే పని.

పెన్నా గట్టు
అది సరే. హీట్‌సింక్ ఉందా లేదా? రెండోసారి అడుగుతున్నాను.

సాకెట్ మారుతుందన్నారు. 2020 మేలో పాత 400 సిరీస్ బోర్డుల్లో కొత్త 5000 ప్రాసెసర్లు పనిచేయవని ఏఎమ్‌డీ చెప్పింది. జనం గొడవ చేస్తే అదే నెలలో వెనక్కి తగ్గింది. 2022లో ఇంకా పాత 300 సిరీస్‌కి కూడా తలుపు తెరిచింది. అంటే 2017లో కొన్న బోర్డులో 2022 ప్రాసెసర్ నడిచింది. రేపు రాదంటారేంటి?

ఒంగోలు ఐరన్
మీరే నా మాట చెప్పారు. కంపెనీ నోటి మాట ఒకే నెలలో అటూ ఇటూ తిరిగింది. దాన్ని నమ్మి 3,800 ఎక్కువ పెట్టమంటారా? ఇంకోటి, ఆ 2017 బోర్డుల్లో హీట్‌సింక్ లేని చవక రకం ఏ320లూ ఉన్నాయి. వాటిలోనే నడిచాయిగా!

పెన్నా గట్టు
ఏ320 పేరు నా దగ్గర ఎత్తకండి.

చేపల పులుసు
పులుసు ఉడుకుతోంది.

పెన్నా గట్టు
మీకు షాపు కూడా ఉన్నట్టుంది కదా. అల్మరాలో పేరుకుపోయిన ఏ520లు కదలాలి, అందుకే ఈ సలహా. సూటిగా ఒప్పుకోండి.

ఒంగోలు ఐరన్
ఏందబ్బా ఆ మాట? నాది షాపు కాదు. ఒక బెంచి, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక హాట్ ఎయిర్ మెషీన్, పక్కన చిన్న అల్మరా. మీలాంటివాళ్లు రూపాయి తక్కువని రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌కి పోతారు, లేదంటే ఆన్‌లైన్లో తెప్పించుకుంటారు. పాడైతే మాత్రం మా దగ్గరికే వస్తారు. పోయిన నెల ఒకతను 22 పిన్నులు వంగిన ప్రాసెసర్ తెచ్చాడు. మధ్యాహ్నం భోజనం మానేసి సరిచేశాను. 300 అడిగితే "పెన్సిల్‌తో గీకినందుకు 300లా" అన్నాడు. కొత్తపట్నం దగ్గర హేచరీ వాళ్ల బోర్డు చూశారా ఎప్పుడైనా? ఉప్పుగాలికి పోర్టుల రేకు తుప్పుపట్టి చేత్తో ముట్టుకుంటే రాలుతుంది, రాగి గీతల మీద పచ్చగా చిలుం. బ్రష్షు పెట్టి గంటసేపు కడుగుతాను. అది యూట్యూబ్‌లో చూపించరు. మీకు హీట్‌సింక్ ఒక్కటే కనపడుతుంది.

వేదిక పెద్ద
ఇద్దరికీ మనవి, వ్యక్తిగతంగా వద్దు. అడిగింది ఒక కుర్రాడు.

పెన్నా గట్టు
సరే, చెబుతాను. 2021లో కార్డులు దొరకని రోజులు గుర్తున్నాయా? మా ఊళ్లో ఒక షాపుకి వెళ్లాను. కార్డు ఉంది, కానీ దాంతోపాటు బోర్డూ ఎస్‌ఎంపీఎస్సూ తీసుకుంటేనే ఇస్తామన్నారు. నాకు రెండూ ఉన్నాయన్నా వినలేదు. లాక్‌డౌన్ జీతం కోతల్లో దాచుకున్న డబ్బు అది. అంటగట్టిన బోర్డు ఏ320, సీలు అప్పటికే చింపి ఉంది. ఎందుకని అడిగితే "చెక్ చేశాం సార్" అన్నారు. అన్నగారి అబ్బాయి పీసీకి అదే బిగించాను. రెండో వేసవికి వీఆర్‌ఎం దగ్గర నల్లగా మాడింది. వారంటీకి తీసుకెళ్తే బిల్లులో సీరియల్ నంబర్ రాయలేదన్నారు. రాయాల్సింది వాళ్లే. అప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఏ షాపు గుమ్మమూ తొక్కలేదు. ఆన్‌లైన్లో కనీసం బిల్లు మీద నంబర్ ఉంటుంది.

సైదాపురం మైకా
అయితే గొడవ హీట్‌సింక్ మీద కాదన్నమాట.

ఒంగోలు ఐరన్
గట్టు గారూ, రాత్రంతా ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆ ఏడాది నేనూ అదే చేశాను. మా మీదున్న డీలరు కార్డు కావాలంటే నాలుగు బోర్డులు ఎత్తమనేవాడు. నేనెత్తితే నాకు అమ్ముడుపోవాలి కదా. ఇద్దరికి అంటగట్టాను. మిగిలిన రెండు ఏ320లు ఇంకా నా అల్మరాలోనే ఉన్నాయి, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. కానీ సీలు చింపలేదు, నంబర్ రాయకుండా బిల్లివ్వలేదు. ఆన్‌లైన్ బిల్లు నంబర్ చూపిస్తుంది, ఒప్పుకుంటాను. ఆదివారం రాత్రి డిస్‌ప్లే రాకపోతే ఫోనెత్తేది మాత్రం నేనే.

పెన్నా గట్టు
నంబర్ రాసే మనిషి మా వీధిలో ఉండుంటే నేనూ అక్కడే కొనేవాణ్ని. అయినా హీట్‌సింక్ లేని బోర్డు మాత్రం కొనొద్దంటాను.

ఒంగోలు ఐరన్
హీట్‌సింక్ ఉన్న ఏ520లూ ఉన్నాయి, ఐదారొందలు ఎక్కువ. అది తీసుకోమని చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. మొదటిరోజే అట్టా అడిగుంటే సరిపోయేది.

పెన్నా గట్టు
రెండుసార్లు అడిగాను.

కావలి కుర్రోడు
అన్నలూ, ఆలస్యంగా చెబుతున్నాను, క్షమించండి. హీట్‌సింక్ ఉన్న ఏ520 తీసుకున్నాను, 5,350. కావల్లోనే. షాపతన్ని బిల్లులో సీరియల్ నంబర్ రాయమంటే ఒకసారి ఎగాదిగా చూసి, రాసిచ్చాడు. 5600కి సరిపడే బయోస్, అదే బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్, వేసి ఉందా అంటే నా ముందే ప్రాసెసర్ పెట్టి డిస్‌ప్లే చూపించాడు. మిగిలిన డబ్బుతో ఎస్‌ఎంపీఎస్ మంచిదే కొన్నాను. నిన్న రాత్రి బిగించాను, అంతా బాగానే ఆడుతోంది. ఒక్కటే, కాళ్లకి చెప్పుల్లేకుండా కేబినెట్ తాకితే జివ్వుమంటోంది. బోర్డుదా తప్పు?

మార్కాపురం పలక
మొదటిరోజే అడిగాను కదయ్యా, ఎర్తింగ్ ఉందా అని. ముందు ప్లగ్గు పీకేయ్. తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలువు.