మోర్డ్‌హౌ: ప్యారీ నొక్కినా దెబ్బ తగులుతోంది, ఎందుకు? ఈ గేమ్‌కి ఇంకా భవిష్యత్తు ఉందా?

ఉక్కుడాలు:
మోర్డ్‌హౌ 2019 ఏప్రిల్‌లో వచ్చిన కత్తియుద్ధాల ఆన్‌లైన్ గేమ్ కదా, ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే నిలదొక్కుకోగలమా? రెండు పెద్ద జట్లు తలపడే ఫ్రంట్‌లైన్‌లో పర్లేదు. ఒకరితో ఒకరు తలపడే డ్యుయల్ సర్వర్‌లో మాత్రం ప్యారీకి (దెబ్బ కాచుకోడానికి) రైట్ క్లిక్ సరిగ్గానే నొక్కినట్టుంటుంది, అయినా కత్తి దిగిపోతుంది. పింగ్ (సర్వర్‌కి వెళ్ళొచ్చే ఆలస్యం) 70 మిల్లీసెకన్లు, ఆయుధం లాంగ్‌సోర్డ్.

డ్యుయల్‌పిచ్చి:
అన్నా, 70 పింగ్‌తో ఇబ్బందేమీ లేదు, మిమ్మల్ని దెబ్బతీసేది డ్రాగ్. ఇందులో దెబ్బ పడేది యానిమేషన్‌ని బట్టి కాదు, కత్తి అంచు ఒంటికి నిజంగా ఎప్పుడు తాకితే అప్పుడే. వేటు వదిలాక మౌస్‌ని కత్తి వెళ్ళే దిక్కుకి ఎదురుగా తిప్పితే అంచు ఆలస్యంగా వస్తుంది (ఇదే డ్రాగ్), అదే దిక్కుకి తిప్పితే ముందే వచ్చేస్తుంది (దీన్ని యాక్సెల్ అంటారు). ఇలాంటిదే ఇంకో గేమ్ చివల్రీ 2లో లాగా బ్లాక్ పట్టుకుని ఉండటానికి లేదు. డాలు లేకపోతే ప్యారీ ఉండేది క్షణమే. ముందే నొక్కేస్తే అది అయిపోయి, మళ్ళీ నొక్కేలోపే దెబ్బ పడుతుంది.

కత్తి ఎత్తగానే నొక్కకండి. వేటు వేస్తున్నట్టు చేసి ఆపేసే ఫెయింట్ అయినా, నరుకుడుని పోటుగా మార్చే మార్ఫ్ అయినా కత్తి ఎత్తే దశలోనే కుదురుతుంది. వేటు వదిలాక ఇక మార్చలేరు, మిగిలేది టైమింగ్ ఒక్కటే. ఆ తేడా ఎదుటివాడి భుజంలో, నడుములో కనబడుతుంది. కత్తి కొనని చూస్తే మోసపోతారు. ఇంకోటి, మీ చూపు వచ్చే ఆయుధం వైపు ఉండాలి. పైనుంచి వేసిన వేటుని కాళ్ళ దాకా లాగితే మీరూ కిందికి చూడాలి. మీకు తప్పుతున్నది ఇక్కడే అయ్యుండొచ్చు.

రాగికవచం:
పై మాటకి ఒకటి కలుపుతా: స్టామినా, అంటే మీ పాత్రకి ఉండే ఓపిక. గాల్లో కొడితే తగ్గుతుంది, ఫెయింట్‌కి తగ్గుతుంది, దెబ్బ కాచుకున్నా తగ్గుతుంది. అది అయిపోయాక కాచుకుంటే చేతిలో కత్తే ఎగిరిపోతుంది. అందుకే ప్యారీ పడగానే రిపోస్ట్ (వెంటనే తిరుగు దెబ్బ) కొట్టండి, ఊరికే నిలబడకండి. ఛాంబర్ (దెబ్బకి అదే రకం దెబ్బ వేసి ఆపడం) తర్వాత నేర్చుకోవచ్చు. అతని నరుకుడు మీకు ఎడమ నుంచి వస్తే మీరూ ఎడమ నుంచే, అది తగలబోయే ముందు నరకాలి. పోటుకి పోటే.

ఉక్కుడాలు:
కిందికి చూడటం గురించి అసలు తెలీదు, థాంక్సన్నా. మరి భవిష్యత్తు సంగతి?

మట్టికోట:
చేతి కదలికని కత్తి ఇంత సూటిగా అనుసరించే మల్టీప్లేయర్ గేమ్‌లు బాగా తక్కువ. ఆ పునాది పాతబడదు. 2023లో కన్సోల్స్‌కీ వచ్చింది. ఆటగాళ్ళే మ్యాప్‌లు, మోడ్‌లు (గేమ్‌కి సొంత మార్పులు) తయారుచేసుకోడానికి ఎస్‌డీకే అనే టూల్స్ ఉన్నాయి, సొంత సర్వర్లు పెట్టుకోవచ్చు. కాబట్టి స్టూడియో నెమ్మదించినా ఆట బతుకుతుంది. అసలు లోటు నేర్పడంలో ఉంది. డ్రాగ్‌ని నెమ్మదిగా చూపించి, మీ ప్యారీ ఎంత ముందు పడిందో తెరమీద గీసి చూపే సాధన గది ఒకటి ఉంటే కొత్తవాళ్ళు మొదటి వారంలోనే వెళ్ళిపోరు. మోడ్ చేసేవాళ్ళు ఎవరైనా పూనుకోవాల్సింది దీనికే.

డ్యుయల్‌పిచ్చి:
ఒకటి మర్చిపోయా. లాంగ్‌సోర్డ్‌తో ఉన్నప్పుడు ఆర్ నొక్కి చూడండి. మీ పాత్ర కత్తిని పిడి దగ్గర కాకుండా అలుగు దగ్గర పట్టుకుని, తిప్పి పిడితో మోదుతాడు. గేమ్‌కి పేరొచ్చింది ఈ పట్టు నుంచే, 15వ శతాబ్దపు జర్మన్ కత్తియుద్ధ పుస్తకాల్లో ఉంది. నిండు కవచం వేసుకున్నవాడు ఎదురైతే పదును కంటే ఇదే మేలు.