ప్లాస్టరింగ్ ఆరాక సన్నటి పగుళ్లు: తప్పెక్కడ?

పదకొండేళ్లు ఇటుక కట్టుబడే చేశా. గుండు వేసి నిలువు చూస్తే నా గోడ ఒక్క నూలు కూడా తప్పదు. ఈమధ్యే ప్లాస్టరింగ్ కూడా ఒప్పుకుంటున్నా. మొన్న ఒక గది లోపలి గోడలు 1:4 మాలుతో (ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక) 12 మిల్లీమీటర్ల మందం వేశాం. ఐదో రోజుకు గోడంతా సాలెగూడులా పగుళ్లు. ఇంటాయన వేలితో గీసి చూపిస్తుంటే తలెత్తలేకపోయా. సిమెంటు తగ్గించలేదు, పైగా ఎక్కువే వేశా!

జవాబు: ఆ ఎక్కువే కొంప ముంచింది అన్నా. సిమెంటు పెరిగేకొద్దీ ఆరేటప్పుడు ముడుచుకోవడమూ పెరుగుతుంది. లోపలి గోడకు 1:6 చాలు. నునుపు కోసం పైన పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దారా? దానివల్లా ఇలాగే పగుళ్లొస్తాయి.

చల్లాం. నేనే చల్లమన్నా.

ఇంకొకరి జవాబు: ఇసుక సంగతి ఎవరూ అడగరేంటయ్యా? గాజు సీసాలో సగం ఇసుక పోసి, నీళ్లు నింపి, బాగా కుదిపి మూడు గంటలు వదిలెయ్. పైన పేరే ఒండ్రు పొర ఇసుకలో పన్నెండో వంతు దాటితే జల్లెడ పట్టినా లాభం లేదు, కడగాల్సిందే. గోడ ముందే తడిపావా? పొడి ఇటుక మాలులో నీళ్లన్నీ లాగేస్తుంది. తర్వాత కనీసం వారం తడపాలి. (బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు పోసి కలిపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.) ఇప్పుడు తాపీ పిడితో తట్టి చూడు. డొల్ల శబ్దం వస్తే చెక్కి మళ్లీ వెయ్, లేకపోతే పుట్టీతో పోతుంది.

తట్టా. కిటికీ పక్కన జానెడు మేర డొల్ల. రేపు చెక్కేస్తా, కూలి అడగను.