లైబ్రరీలో 3డి ప్రింటర్: పనికొస్తుందా, దండగా?

సాగర్‌నగర్‌వాసి: అమెరికాలో ఫేయెట్‌విల్ గ్రంథాలయం 2011లోనే మేకర్‌స్పేస్, అంటే పనిముట్లు, మిషన్లతో ఎవరైనా వస్తువులు చేసుకునే గది, మొదలుపెట్టింది. హెల్సింకీలోని ఊడి లైబ్రరీలో పుస్తకాలతో పాటు కుట్టుమిషన్లు, 3డి ప్రింటర్లు కూడా వాడుకోవచ్చు. మన విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోట ఓ గది ఇలా పెడితే కుర్రాళ్లకి పని వస్తుందా?

గ్రూప్2_అభ్యర్థి: దండగ. ఏ లైబ్రరీ చూసినా పొద్దున్నే వెళ్తేగానీ కుర్చీ దొరకదు. పక్కగదిలో డ్రిల్లింగ్ మిషన్ గుర్రుమంటుంటే పాలిటీ ఏం బుర్రకెక్కుతుంది?

ఆటోనగర్_ఫిట్టర్: మిషన్ కొనడం పెద్ద పని కాదండి. రిబ్బన్ కటింగ్ రోజు అందరూ వచ్చి ఫొటో దిగుతారు. కొన్నాళ్లకి 3డి ప్రింటర్‌లో కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ మూసుకుపోతుంది. అందులో వేసే ప్లాస్టిక్ తీగ, ఫిలమెంట్, తేమ పట్టి పుటుక్కున విరుగుతుంది, మన సముద్రపు గాలికి మరీను. విప్పి బాగుచేసేదెవరు? ఏటికొప్పాకలో బొమ్మలు చేసేచోట చూడండి. లేత్ మిషన్ మీద అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో నునుపు చేస్తారు. ఎంత గట్టిగా ఆనించాలో ఏ పుస్తకంలోనూ ఉండదు, పక్కన కూర్చుని చూడాల్సిందే. మిషన్ ఉన్నంత మాత్రాన పని రాదు. నేర్చుకోవాలనుకునేవాళ్లకి కంచరపాలెం ఐటీఐ ఉండనే ఉంది.

ఎంవీపీ_టీచరమ్మ: ఫిట్టర్ గారూ, లైబ్రరీలో ఇలాంటి గది ఉండాలనే నేనంటాను, మీరు చెప్పింది ఆ వాదనకే బలం. అమెరికా బయట తొలి ఫ్యాబ్‌ల్యాబ్ (ఇలాంటి మిషన్లున్న వర్క్‌షాప్) 2002లో వచ్చింది మన దేశంలోనే, పుణె దగ్గర పాబల్ గ్రామంలోని విజ్ఞాన ఆశ్రమంలో. అక్కడ 1983 నుంచీ పల్లె పిల్లలకి చేతిపనులు నేర్పుతున్నారు. నేర్పే మనుషులు ముందున్నారు, మిషన్లు తర్వాత వచ్చాయి. ఇక ఐటీఐ అంటారా, అడ్మిషన్ కావాలి, పగలంతా కూర్చోవాలి. స్కూళ్లలో పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 2016 పథకం కింద వచ్చాయి, బడికి 20 లక్షల దాకా ఇస్తారు. కానీ అవి ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకే. చదువు ఆపేసి షాపులో పనిచేసే కుర్రాడూ, ఇంట్లో మిషన్ కుట్టుకునే అమ్మాయీ ఏ గుమ్మం తొక్కాలి? కులం, మార్కులు అడగకుండా లోపలికి రానిచ్చేది లైబ్రరీ ఒక్కటే. 3డి ప్రింటర్ కాకపోతే మానె, మిక్సీ కార్బన్ బ్రష్‌లు మార్చడం, ఫ్యాన్ కెపాసిటర్ వేయడంతో మొదలుపెట్టండి.

గ్రూప్2_అభ్యర్థి: మేడం, గది వేరే అంతస్తులో ఉంటే నాకు అభ్యంతరం లేదు. డబ్బెక్కడిది?

ఎంవీపీ_టీచరమ్మ: ఆస్తి పన్ను కడుతున్నాం కదా బాబూ, రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సే. స్థానిక సంస్థలు వసూలు చేసింది సకాలంలో గ్రంథాలయాల ఖాతాకి జమ చేస్తే చాలు.

సాగర్‌నగర్‌వాసి: ఫిట్టర్ గారూ, ఆదివారం సాయంత్రాలు రిపేర్ నేర్పమంటే మీరు వస్తారా?

ఆటోనగర్_ఫిట్టర్: వస్తాను, కానీ ఊరికే రాను. మిషన్ల బిల్లు చకచకా పాస్ చేసేవాళ్లే నేర్పేవాడి కూలి దగ్గరికొచ్చేసరికి సేవాభావం అంటారు. ఆ పద్దు ముందు రాయించండి, తర్వాత ప్రింటర్ ఏ కంపెనీదో మాట్లాడుకుందాం.