స్టేడియం పన్నుపై ఓటు: జాక్సన్ కౌంటీలో మీరేం చూశారు?

ఒలేతా_వాసి: కాన్సస్ సిటీ పరిసరాల తెలుగువారికి నమస్కారం. చీఫ్స్ ఫుట్‌బాల్ జట్టు మిస్సోరీ రాష్ట్రం జాక్సన్ కౌంటీలోని ఆరోహెడ్ స్టేడియాన్ని విడిచి, 2031 సీజన్ నాటికి సరిహద్దుకు ఇవతల మా కాన్సస్ రాష్ట్రం వైపున కట్టబోయే పైకప్పు గల స్టేడియానికి తరలివస్తుందని 2025 డిసెంబరులో ప్రకటించారు. సుమారు 300 కోట్ల డాలర్ల ఆ కట్టడానికి పెద్ద వాటా స్టార్ బాండ్ల ద్వారా, అంటే నిర్ణీత ప్రాంతంలో వచ్చే అమ్మకపు పన్నును తాకట్టు పెట్టి తెచ్చే అప్పు ద్వారా సమకూరుతుంది. 2024 జూన్‌లో కాన్సస్ శాసనసభ అందుకు దారి తెరిచినప్పుడు మమ్మల్ని ఎవరూ ఓటు అడగలేదు. అంతకు రెండు నెలల ముందే మిస్సోరీ వైపు మిమ్మల్ని అడిగారు కదా, మీరేం ఆలోచించి వేశారో చెప్పండి.

ఇండిపెండెన్స్_ఓటరు: పౌరసత్వం వచ్చాక నేను వేసిన మొదటి ఓటు అదే, 2024 ఏప్రిల్ 2న. ప్రశ్న చూడడానికి చిన్నదే. చీఫ్స్, రాయల్స్ జట్ల స్టేడియాల కోసం 2031 వరకు అమల్లో ఉన్న, డాలరుకు సెంటులో ఎనిమిదింట మూడు వంతుల అమ్మకపు పన్నును రద్దు చేసి, అంతే పన్నును నలభై ఏళ్లపాటు మళ్లీ విధించవచ్చా అని అడిగారు. కొత్త పన్నేమీ కాదని సమర్థకులు పదే పదే చెప్పారు, అందులో అబద్ధం లేదు. కానీ ఇంటికి వచ్చి సరుకుల రసీదు ముందు పెట్టుకుని లెక్క వేశాను. ఇరవై అయిదు డాలర్ల బియ్యం బస్తా మీద ఆ పన్ను తొమ్మిది సెంట్ల పైచిలుకు. ఒక్క బస్తాకు అది లెక్కలోకి రాదు, నిజమే. అయితే కౌంటీలో ప్రతి కుటుంబం, ఆట చూసేవారూ చూడనివారూ, నలభై ఏళ్లు ప్రతి కొనుగోలు మీదా కట్టాలి. పేదవారి జీతంలో తిండికి పోయే వాటా ఎక్కువ కనుక భారమూ వారి మీదే ఎక్కువ పడుతుంది.

నన్ను ఆపినది పన్ను కంటే ఒప్పందమే. రాయల్స్ బేస్‌బాల్ జట్టు కొత్త మైదానం నగరం నడిబొడ్డున ఉన్న క్రాస్‌రోడ్స్ ప్రాంతంలో కడతామని ప్రకటించినది ఫిబ్రవరిలో, పోలింగ్‌కు ఏడు వారాల ముందు. జట్లతో తుది లీజు మా ముందుకు రానే లేదు. 2006లో ఇదే పన్నుకు కౌంటీ ఓటర్లు ఒప్పుకున్నారు, అదే రోజు స్టేడియాలకు కదిలే పైకప్పు వేసే ప్రతిపాదనను మాత్రం తిరస్కరించారు. అంటే మావాళ్లు స్టేడియాలకు శత్రువులేమీ కారు, దేనికి ఎంత ఇవ్వాలో విడదీసి చూడగలరు. 2024లో దాదాపు 58 శాతం మంది వద్దన్నారు. వారిలో నేనూ ఒకడిని.

క్రాస్‌రోడ్స్_ఉద్యోగి: నేను పనిచేసే వీధి ఆ ప్రతిపాదిత స్థలానికి ఆనుకునే ఉంది. మేము రోజూ మధ్యాహ్నం భోజనం చేసే చిన్న హోటల్ యజమానురాలు పటం చూపిస్తూ, తన దుకాణం గీతకు లోపల ఉందో బయట ఉందో చెప్పమని వచ్చినవారినందరినీ అడిగేది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్లో కౌంటీ ఎగ్జిక్యూటివ్‌గా, అంటే కౌంటీ పాలనాధిపతిగా ఉన్న ఫ్రాంక్ వైట్ కూడా ఆ ప్రతిపాదనను వ్యతిరేకించారు. పాత రాయల్స్ స్టేడియం కడుతున్నప్పుడు అక్కడ కూలిపని చేసి, తరువాత అదే మైదానంలో ఆ జట్టుకు సెకండ్ బేస్‌లో ఆడిన మనిషి ఆయన. ఆట మీద ప్రేమ లేక వద్దన్నారని ఆయనను ఎవరూ అనలేరు.

హెచ్1బి_లీస్‌సమిట్: ఒక చిన్న మాట. మావంటివారు ఆ పన్ను ప్రతి వారం కడతారు, ఓటు మాత్రం లేదు. అందుకే ఓటున్నవారు ఆ కాగితాన్ని పూర్తిగా చదివి వేయాలని నా విన్నపం.

ఆర్లింగ్టన్_నుంచి: నేను మరోవైపు నుంచి మాట్లాడతాను. మా టెక్సస్ ఊరిలో 2016లో రేంజర్స్ బేస్‌బాల్ జట్టు కొత్త మైదానానికి నగరం వాటాగా 50 కోట్ల డాలర్ల వరకు ఇవ్వడానికి ఓటర్లు ఒప్పుకున్నారు, నేనూ అవునన్నాను. నగరం ఎంతవరకు ఇస్తుందో ముందే చెప్పారు, స్థలం విషయంలోనూ సందేహం లేదు. టెక్సస్ ఎండలో పైకప్పు లేని పాత మైదానంలో పిల్లలతో కూర్చున్నవారికి ఆ ఖర్చు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ఓక్లహోమా సిటీలో 2023 డిసెంబరులో కొత్త బాస్కెట్‌బాల్ అరీనాకు ఏకంగా 71 శాతం మంది ఒప్పుకున్నారు, అక్కడ కనీసం 90 కోట్ల డాలర్ల భవనంలో జట్టు యజమానులు పెట్టేది 5 కోట్లే. అది నాకు మింగుడు పడలేదు. ఓటు పెట్టినంత మాత్రాన బేరం బాగున్నట్టు కాదు.

ఒలేతా_వాసి: అయితే కాదన్నవారికి దక్కినది ఏమిటి? జట్టు వెళ్లిపోతోంది కదా.

ఇండిపెండెన్స్_ఓటరు: ఆ బాధ నాకూ ఉంది. ఆరోహెడ్ పార్కింగ్‌లో పొద్దున్నే మాంసం కాల్చే పొగ మధ్య మా అబ్బాయి ఎర్ర చొక్కా వేసుకుని నిలబడిన రోజులు మరచిపోలేను. శాన్ డియేగోలోనూ 2016లో ఓటర్లు స్టేడియం ప్రతిపాదనను కాదన్న రెండు నెలలకే చార్జర్స్ ఫుట్‌బాల్ జట్టు లాస్ ఏంజెలెస్ వెళ్తున్నట్టు ప్రకటించింది. కాని మా ఓటు మా పన్ను గురించి మాత్రమే. పక్క రాష్ట్రం ఓటు లేకుండానే ఖర్చులో 70 శాతం వరకు ఇస్తామని ముందుకు వస్తే, ఆ పోటీని ఒక్క కౌంటీ బ్యాలెట్ ఆపలేదు. మీరు చేయగలిగినది ఒకటుంది. ఆ బాండ్లకు మీ పట్టణపు అమ్మకపు పన్నులో ఎంత భాగం, ఎన్నేళ్లపాటు కట్టబెడుతున్నారో మీ నగర కౌన్సిల్ సమావేశానికి వెళ్లి, మైకు ముందు నిలబడి అడగండి. సంతకాలు కాకముందే అడగండి.