ఏకాంతంలో బతికే చిత్రకారుడి కథలో కుప్పకూలే సన్నివేశం ఉండి తీరాలా?

చర్చ ప్రారంభించిన విద్యార్థి:

మేము ఐదుగురు విద్యార్థులం కలిసి 12 నిమిషాల లఘుచిత్రం ఒకటి తీయబోతున్నాం. మానసికంగా నలిగిపోయి, ఏళ్ళ తరబడి ఒకే గదిలో ఉండిపోయిన చిత్రకారుడి కథ అది. పాత్ర పూర్తిగా కల్పితం. ఒక గది, ఒక నటుడు, తలుపు అవతలి నుంచి మాత్రమే వినిపించే చెల్లెలి గొంతు, ఇంతే మా చేతిలో ఉన్నవి. స్క్రిప్టు రెండో ప్రతి దగ్గర మా బృందం రెండుగా చీలింది. తొమ్మిదో నిమిషంలో అతను తాను వేసిన బొమ్మను చించేసి, రంగులు గోడకు విసిరి, ఏడుస్తూ కూలబడే సన్నివేశం రాసుకున్నాం. అది లేకపోతే అతని బాధ ప్రేక్షకుడికి అందదని ముగ్గురం అంటున్నాం. బాధపడితేనే గొప్ప కళ పుడుతుందన్న నమ్మకానికి ఆ సన్నివేశం మళ్ళీ ఊపిరి పోస్తుందని మిగిలిన ఇద్దరూ అంటున్నారు. చివర్లో అతను చనిపోవాలా వద్దా అన్నది కూడా ఇంకా తేలలేదు. ఈ చర్చావేదికలో అనుభవం ఉన్నవారు మీ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

ఎడిటింగ్ చేసే సభ్యుడు:

ఆ సన్నివేశాన్ని తీసేయండి. మీ మిత్రులిద్దరి భయం నిజమైనదే. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో పేరు చెప్పగానే 1888 డిసెంబరులో ఆయన చెవి కోసుకున్న సంగతే అందరికీ గుర్తుకు వస్తుంది. కానీ మరుసటి ఏడాది మే నెలలో ఆయన ఫ్రాన్స్‌లో సాన్ రెమీ అనే ఊళ్ళోని మానసిక చికిత్సాలయంలో తనంతట తాను చేరి, అక్కడున్న ఏడాదిలో సుమారు 150 చిత్రాలు వేశారు. వాటిలో చాలావరకు జబ్బు ముదిరిన గంటల్లో వేసినవి కావు. 1889 జులైలో జబ్బు తిరగబెట్టినప్పుడు కొన్ని వారాల పాటు కుంచె ముట్టుకోలేకపోయారు. ఎక్కువగా నెమ్మదించిన రోజుల్లోనే కూర్చొని పని చేశారు. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ 1908లో కోపెన్‌హాగన్‌లో మానసిక చికిత్స తీసుకున్నారు, ఆ తరువాత 1944 వరకు జీవించి, చివరి దశాబ్దాలు చాలావరకు ఒంటరిగానే గడుపుతూ బొమ్మలు వేస్తూనే ఉన్నారు. జపాన్ కళాకారిణి యయోయి కుసామా 1977 నుంచి టోక్యోలోని ఒక మానసిక వైద్యశాలలో తన ఇష్టప్రకారమే నివసిస్తూ, దగ్గరలోని స్టూడియోకు వెళ్ళి పని చేసుకుంటూ వచ్చారు. ఈ ముగ్గురి జీవితాల్లోనూ నాకు పదే పదే కనిపించేది పని. మీ 12 నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు ఆ చేతులనే చూపించండి. రంగు కలపడం, వెనక్కి జరిగి చూసుకోవడం, ఒక గీతను తుడిచేసి మళ్ళీ గీయడం, ఇవి చూస్తే అతను గదిలో ఎందుకు ఉండిపోయాడో ప్రేక్షకుడికి చెప్పకుండానే అర్థమవుతుంది.

మరణం విషయంలో నాకు సందేహం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటక రంగాల వారి కోసమే ప్రత్యేకంగా ఒక మార్గదర్శక పత్రం వెలువరించింది. ఆత్మహత్య చేసుకునే క్షణాన్ని, పద్ధతిని తెర మీద చూపవద్దని, కష్టం నుంచి తేరుకునే దారులు ఉన్న పాత్రలను చూపమని అందులో ఉంది. స్క్రిప్టు మూడో ప్రతి రాసే ముందు మీ బృందమంతా దాన్ని చదవాలి.

ఒక పాఠకురాలు:

మీ స్క్రిప్టులో తలుపు బయట నిలబడిన చెల్లెలి స్థానంలో నేను రెండేళ్ళు ఉన్నాను కనుక ఇది రాస్తున్నాను. మా అన్నయ్య నూనె రంగులతో బొమ్మలు వేసేవాడు. గది దాటి బయటికి రాని ఆ రెండేళ్ళలో ఒక్క బొమ్మ కూడా వేయలేదు. ఒకసారి నన్ను లోపలికి రానిచ్చినప్పుడు చూశాను, సీసాలో కుంచెలు తలకిందులుగా నిలబడి ఉన్నాయి. కుంచెలు కడిగే టర్పెంటైన్ ఎప్పుడో ఆవిరైపోయి, అడుగున గోధుమరంగు మడ్డి గట్టిపడి, వెంట్రుకలు ఒక పక్కకు వంగి రాయిలా బిగుసుకుపోయాయి. ఒక కుంచెను పట్టుకుని లాగితే సీసా కూడా దానితో పాటే పైకి లేచింది. అన్నయ్య మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నేను వచ్చినందుకు కోప్పడలేదు, వెళ్ళిపొమ్మనలేదు.

అందుకే మీ ఇరుపక్షాలతోనూ నేను ఏకీభవించలేకపోతున్నాను. బొమ్మను చించడానికైనా మనిషిలో కొంత శక్తి మిగిలి ఉండాలి. ఇక ఎనిమిది నిమిషాలు పని చేసే చేతులను చూపమన్న ఎడిటర్ గారి సలహా చూడడానికి హాయిగానే ఉంటుంది, కానీ అందులో జబ్బు మాయమైపోతుంది. ఏళ్ళ తరబడి తలుపు వేసుకున్న మనిషి లోపల దీక్షగా పని చేసుకుంటున్నాడని అనుకోవడం బయట ఉన్నవాళ్ళకు ఎంతో ఓదార్పు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను, ఆ నమ్మకంతోనే వైద్యుడి దగ్గరకు వెళ్ళడం ఆలస్యం చేశాను.

ఎడిటింగ్ చేసే సభ్యుడు:

మీరు రాసినది రెండుసార్లు చదివాను. ఎనిమిది నిమిషాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక ఆందోళన మాత్రం మిగిలే ఉంది. అతను ఒక్కసారి కూడా పని చేస్తూ కనిపించకపోతే, ప్రేక్షకుడి దృష్టిలో ఆ మనిషి అంటే జబ్బు తప్ప మరొకటి ఉండదు. ఏం పోగొట్టుకున్నాడో తెలియనప్పుడు ఆ బిగుసుకుపోయిన కుంచెలు కూడా గదిలోని చెత్తలాగే కనిపిస్తాయి. మొదటి రెండు నిమిషాల్లో అతను వేస్తుండగా చూపి, ఏ వివరణా లేకుండా నేరుగా ఆ సీసా షాట్‌కు కట్ చేస్తే ఎలా ఉంటుంది? అమెరికాలో పనిచేసిన చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ కూడా 1967లో న్యూయార్క్ వదిలి వెళ్ళిపోయి, కొన్నేళ్ళ పాటు బొమ్మలు వేయడం మానేసి, న్యూ మెక్సికోలో ఒంటరిగా ఉంటూ 1970ల్లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆమెకు స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉండేది. అలాంటి ఖాళీ ఏళ్ళను జీవిత చరిత్రలు ఒక వాక్యంలో దాటేస్తాయి. మీ సినిమా అక్కడే ఆగి నిలబడగలదు.

బొమ్మలు వేసే మరొక సభ్యుడు:

నిర్మాణం వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను. పూత పూసి చట్రానికి బిగించిన కాన్వాస్‌ను ఒట్టి చేతులతో చించడం చాలా కష్టం, బ్లేడుతో ముందే గాటు పెట్టుకోవాలి. నాలుగు టేకులు తీస్తే అచ్చంగా ఒకేలా ఉన్న నాలుగు బొమ్మలు కావాలి. అవి ఎవరు వేస్తారని మీ బృందంలో ఎవరైనా అడిగారా? పని చేసే సన్నివేశానికైనా ఒకే బొమ్మను మూడు దశల్లో విడివిడిగా సిద్ధం చేసుకుంటేనే షాట్ల వరుస మారినా వాటి మధ్య పొంతన (కంటిన్యూటీ) చెడదు. నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది, పైగా తడి మీద లైటు పడితే మెరుస్తుంది కాబట్టి లైటును పక్కనుంచి ఏటవాలుగా పెట్టండి, లేదా షూటింగ్ వరకు త్వరగా ఆరిపోయే యాక్రిలిక్ రంగులు వాడండి. క్లోజప్‌లో నటుడి చేతుల బదులు బొమ్మలు వేయడం అలవాటున్న చేతులను పెట్టుకోవడం మేలు, కుంచెను పెన్నులా వెంట్రుకలకు దగ్గరగా పట్టుకున్న వేళ్ళను చూడగానే అబద్ధం బయటపడుతుంది. ఇక ఆ సీసా కోసం ఖర్చేమీ లేదు, పాత కుంచెలను యాక్రిలిక్ రంగులో ముంచి కడగకుండా వదిలేస్తే మర్నాటికి బిగుసుకుపోతాయి.

చర్చ ప్రారంభించిన విద్యార్థి:

నిన్న రాత్రి ఇదంతా మా బృందానికి చదివి వినిపించాను. చించే సన్నివేశం తీసేయడానికి ఐదుగురం ఒప్పుకున్నాం, మరణం కూడా ఉండదు. చివరి షాట్‌గా చెల్లెలు తలుపు కింది సందులోంచి ఒక కొత్త కుంచెను లోపలికి తోస్తుంది, అతని చేయి దాన్ని అందుకుంటుంది, అక్కడితో చీకటి. పాఠకురాలు గారూ, ఇది సరిగ్గా ఉందో లేదో మీరే చెప్పాలి.

ఒక పాఠకురాలు:

కొత్త కుంచె వద్దండీ. అది చెల్లెలికి కావలసినది, అతనికి కావలసినది కాదు. నేను కొత్త రంగులు కొని తలుపు దగ్గర పెట్టాను, నెల రోజులు అలాగే ఉండిపోయాయి. మందులు మొదలుపెట్టాక అన్నయ్య నన్ను పిలిచి అడిగిన మొదటి సాయం, కిటికీ రెక్క బిగుసుకుపోయింది, తెరవడానికి ఒక చేయి వేయమని. ఇద్దరం కలిసి లాగితే తెరుచుకుంది. బొమ్మ వేయడానికి ఆ తరువాత ఏడు నెలలు పట్టింది.

చర్చ ప్రారంభించిన విద్యార్థి:

ఆ కిటికీని మా కథలో వాడుకోవచ్చా? మీరు వద్దంటే ఇక్కడితో వదిలేస్తాం, మరో ముగింపు వెతుక్కుంటాం.

ఒక పాఠకురాలు:

అది నేను ఒక్కదాన్నే ఇవ్వగలిగిన అనుమతి కాదు. ఆదివారం అన్నయ్యను అడిగి చెబుతాను.