క్యాన్సర్‌కి "లైటు పెట్టడం" అనొచ్చా?

ప్రశ్న: ఒక ఆరోగ్య వ్యాసం తెలుగు చేస్తున్నా. "కాంతి ఉత్తేజిత నానోపదార్థ ఆధారిత రోగనిరోధక చికిత్స" అని రాసి పంపితే, ఇది ఎవరికి అర్థమవుతుందని తిప్పి పంపారు. రేడియేషన్‌ని మనవైపు "కరెంటు పెట్టడం" అంటారు కదా, అలాగే దీన్ని "లైటు పెట్టడం" అంటే?

జవాబు: వద్దండీ. కామెర్లు వచ్చిన పసిపిల్లల్ని లైటు కింద పెడతారు, జనం అదే అనుకుంటారు. పైగా రేడియేషన్‌లో కిరణమే కణాన్ని దెబ్బతీస్తుంది, ఇక్కడ వెలుగు తనంతట తాను చేసేదేమీ లేదు, ఒంట్లోకి ఎక్కించిన పదార్థం మీద పడితేనే పని మొదలవుతుంది. ఫోటోఫ్రిన్ అనే పాత మందు ఉంది, అది ఎక్కించాక కనీసం 30 రోజులు ఎండ తగలకుండా చూసుకోమంటారు, ఎందుకంటే చర్మంలో మిగిలిన మందుకి ఎండ కూడా వెలుగే. కాబట్టి పేరులో పెద్దపీట మందుకి వెయ్యాలి, లైటుకి కాదు.

ఇంకొకరు: "వెలుగుకి రాజుకునే నానో మందు" ఎలా ఉంది? చక్కటి తెలుగు మాట.

జవాబు: మాట బాగుంది, కానీ సగానికే సరిపోతుంది. నానో అంటే కంటికి ఆననంత చిన్నవి, అలాంటి బంగారు కణాల మీద కంటికి కనిపించని పరారుణ కాంతి (అల పొడవు దాదాపు 800 నానోమీటర్లు) వేస్తే అవి వేడెక్కి గడ్డని కాలుస్తాయి, అక్కడ "రాజుకునే" అనొచ్చు. ఫోటోఫ్రిన్ లాంటి మందుని మోసే నానో కణాలు కాల్చవు, పక్కనున్న ఆక్సిజన్‌ని విషంగా మారుస్తాయి. రెండింటికీ కలిపి "వెలుగు పడితే పనిచేసే నానో మందు" అంటే చాలు, అందం తగ్గినా అబద్ధం ఉండదు.

నాకు అసలు పేచీ "రోగనిరోధక" దగ్గర. కోవిడ్ తర్వాత ఆ మాట వింటే అందరికీ కషాయాలే గుర్తొస్తున్నాయి, ఇమ్యూనిటీ పెంచుతారేమో అనుకుంటారు. ఇక్కడ పెంచడం కాదు, చూపించడం. గడ్డలోని కణాలు ఇలా దెబ్బతిని చచ్చేటప్పుడు, మామూలుగా లోపల ఉండే కాల్‌రెటిక్యులిన్ అనే ప్రోటీన్ కణం పైకి వచ్చేస్తుంది, దాన్ని గుర్తుపట్టి రక్షణ కణాలు ఆ శిథిలాల్ని మింగి, శత్రువు ఆనవాలు టీ కణాలకి, అంటే శత్రువుని వెతికి చంపే రక్షణ కణాలకి, చూపిస్తాయి. పరారుణ కాంతి ఒంట్లో మహా అయితే ఒకటి రెండు సెంటీమీటర్లే పోతుంది కదా, అది చేరని చోట ఉన్న గడ్డల్ని కూడా ఆ టీ కణాలే వెతికి పట్టుకోవాలని ఆశ. చాలావరకు ఇది ఎలుకల్లో చూసినదే, వ్యాసంలో ఆ సంగతి దాచకండి.

ప్రశ్న వేసినవారు: మరి మనుషుల్లో అసలు లేదా?

జవాబు: దగ్గరి చుట్టం ఒకటి ఉంది. తల, మెడ క్యాన్సర్లకి జపాన్ 2020లో ఒకదాన్ని అనుమతించింది. అది నానో కణం కాదు, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీ అనే ప్రోటీన్‌కి తగిలించిన రంగు, ఎర్రని లేజర్ పడితే కణం పొర పగిలిపోతుంది. నేనైతే ఇలా రాస్తా: "వెలుగు పడితే గడ్డని చంపి, మిగతా గడ్డల ఆనవాలు ఒంటికి పట్టించే మందు". పొడుగే, బ్రాకెట్లు మాత్రం అక్కర్లేదు.