సమస్యాపూరణం: మండుటెండ దీవి మంచు గురిసె

నిర్వాహకులు:
ఈ పాదం పొద్దుట్నుంచి నా నోట్లో ఆడుతోంది, మీకిచ్చేస్తున్నాను. ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూర్తి చేయండి.

"మండుటెండ దీవి మంచు గురిసె"

సందర్భం: మధ్యధరా సముద్రపు దీవిలో ఆరుబయట స్వీడన్ సినిమాల పండుగ. చోటు కావాలంటే కాప్రి తీసుకోండి. స్వీడన్ డాక్టరు ఆక్సెల్ మున్తే అక్కడి కొండ మీద కట్టుకున్న విల్లా సాన్ మిచెలెను స్వీడన్ ప్రభుత్వానికే రాసిచ్చాడు.

పొన్నచెట్టు:
వేడి రాత్రి తెరను వేసిరి స్వీడను
చలనచిత్ర మొకటి, చలిని నింపి;
చూడవచ్చినట్టి చూపరులకు నెల్ల
మండుటెండ దీవి మంచు గురిసె.

మనసులో ఉన్నది స్వీడన్ సినిమా ఫానీ అండ్ అలెగ్జాండర్ (1982). ఉప్సాలాలో తీసిన ఆ క్రిస్మస్ మంచు.

ఏరువాక:
నడక సాఫీగా ఉంది. కానీ చూడవచ్చిన వాళ్లే కదా చూపరులు! మూడో పాదంలో సగం పునరుక్తికే పోయింది. పైగా "వేసిరి స్వీడను" దగ్గర, పక్కన "స్వీ" ఉంది కాబట్టి, "రి" గురువు (బరువైన అక్షరం) కాదా?

పొన్నచెట్టు:
లఘువైతే (తేలికైన అక్షరమైతే) "వేసిరి" భగణం, గురువైతే రగణం. రెండూ ఆ చోట పడాల్సిన ఇంద్రగణాలే, ఎటు తిప్పినా పాదం నిలుస్తుంది. ఇక చూపరులంటారా, దారిన పోతూ ఆగి చూసేవాళ్లూ చూపరులే. పనిగట్టుకుని చూడవచ్చిన వాళ్లు వేరు. ఆరుబయట ఆటకు ఇద్దరూ ఉంటారు.

కలువరేకు:
అగ్నికొండ కడకు హంసయై స్వీడను
నుండి వచ్చెఁ దార నురుగు దాటి;
నిప్పుఱాల బూది నెత్తిపై రాలంగ
మండుటెండ దీవి మంచు గురిసె.

నా దీవి ఇటలీలోని అగ్నిపర్వత దీవి స్ట్రాంబోలి. 1949లో రోసెల్లినీ సినిమా కోసం స్వీడన్ తార ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ వచ్చి ఉన్న చోటు. మంచులో పుట్టిన పిల్లకు ఆ బూడిద మంచులా అనిపించదూ?

నిర్వాహకులు:
"మండు" అన్నదాన్ని అగ్నిపర్వతం దాకా లాక్కెళ్లారు. చాలా బాగుంది.

పొన్నచెట్టు:
కలువరేకమ్మా, అది ఇటలీ దర్శకుడి సినిమా. ఆవిడనే తేవాలనుకుంటే స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ దగ్గర స్వీడిష్‌లో చేసిన ఆటమ్ సొనాటా (1978) ఉంది. ఇంటిపేరొకటే గానీ వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు.

కలువరేకు:
తెర మీద ఏం ఆడుతోందో నా పద్యం చెప్పలేదండీ. ఆ దీవిలో స్వీడన్ మాట వస్తే ముందు గుర్తొచ్చేది ఆవిడే.

ఏరువాక:
నిదురలేని దేశ నింగిలో చీకటి
దొరకకున్న, బొమ్మ తోవ వెదకి
దక్షిణాన రాత్రి తలుపులు తెరచిన
మండుటెండ దీవి మంచు గురిసె.

జూన్‌లో స్టాక్‌హోమ్‌లో పదింటి దాకా పొద్దు గుంకదు, ఆ తర్వాతా చిక్కటి చీకటి పడదు. ఉత్తరాన కిరునాలో అయితే సూర్యుడు అస్తమించనే అస్తమించడు. ఇక ఆరుబయట తెర మీద బొమ్మ ఎలా ఆనుతుంది? కాప్రిలో తొమ్మిదిన్నరకల్లా చీకటి. అందుకే సినిమా ఇంత దూరం దిగి వచ్చింది.

కలువరేకు:
మేమంతా మంచు వెంట పడ్డాం, మీరు చీకటి పట్టుకొచ్చారు. "రాత్రి తలుపులు తెరచిన" దగ్గర ఆగిపోయాను.

పొన్నచెట్టు:
భావానికి నమస్కారం. కానీ "దేశ నింగి" వైరి సమాసం, సంస్కృత పదానికి తెలుగు పదం అతికించారు. ఉగాది పూరణలో నా "నవ్య చీర"ను ఇందుకే కదా మీరు దులిపేశారు!

నిర్వాహకులు:
"నిదురలేని యూరి నింగిలో" అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి. ఇంకో మాట: స్వీడన్ అనగానే అందరూ చలికాలమే ఎత్తుకున్నారు. సమ్మర్ విత్ మోనికా (1953) నిండా వేసవీ దీవులూ. ఆ దారిన ఒక్కరైనా రండి.

ఏరువాక:
ఊరంటే దేశం చిన్నదైపోతుంది. "నిదురలేని నేల నింగిలో" అని ఉంచుతున్నాను.

పొన్నచెట్టు:
నేల, నింగి పక్కపక్కన భలే కుదిరాయి. నా "నవ్య చీర" మాత్రం మార్చను. నవ్య అమ్మాయి పేరు, చీర ఆమెది.

ఏరువాక:
అమ్మాయి ఉన్నట్టు ఆ పద్యంలో ఎక్కడా లేదే! మళ్లీ ఇక్కడ పెట్టండి, నాలుగు పాదాలూ చూద్దాం.